మోరపంఖికి చెయ్యి మార్చొద్దు

ఆ రోజుల్ల మా దిక్కు ఇంటి ముంగట ఓ చెట్టు పెడితే, దాన్ని చెట్టు లెక్క చూసేటోళ్లు కాదు, ఇంటికి కొత్తగ అచ్చిన మనిషి లెక్క చూసేటోళ్లు. దానికి సుత అలుకలుంటయి, మర్యాదలుంటయి, ఎవరి చెయ్యి పడుతదో ఎవరి చెయ్యి పడదో ఉంటది. ఇప్పుడు మా మనుమరాలు ఫోన్ల చూసి చెట్టుకు నీళ్లు పోస్తది. ఫోను మోగితే పోస్తది, మోగకపోతే పొయ్యది. ఓసారి అవతల వాన దంచి కొడుతుంటే, ఫోను మోగిందని గొడుగు పట్టుకొని పోయి కుండీల నీళ్లు పోసచ్చింది. ఇంట్ల అందరు నా మొఖం చూసిండ్రు, ఇగ ముసలమ్మ అందుకుంటదని. నేనేం అనలేదు. ఆ వయసుల నేను ఓ చెట్టుకు పోసిన నీళ్ల ముచ్చట యాదికచ్చింది. దాని ముంగట గొడుగు పట్టుకొని నీళ్లు పొయ్యుడు చాన తెలివైన పని.

నాది కుండల్‌వాడి, తెలుగోళ్లు మరాఠోళ్లు కలిసి ఉండే దిక్కు. నన్ను నాందేడ్‌ల ఇచ్చిండ్రు. అత్తగారిది ముంగట కిరాణ దుకాణం, ఎనుక ఇల్లు. ఇంట్ల మామ, అత్త, మా ఇంటాయన, నేను. మామ గట్టి మనిషి. పొట్లాలు కట్టే సుతిలి ముక్క పారెయ్యనియ్యడు, గోనెసంచి చిరిగితే కుట్టిస్తడు, కుట్టు ఊడితే మల్ల కుట్టిస్తడు. (నాకు ఈ పొదుపు బుద్ధి పుట్టింటి నుంచి కాదు, ఆయన కాడ్నే అంటుకున్నదని మా పిల్లలంటరు. అంటుకుంటే ఏం పోయింది, మంచిదే కద.) కోడలు మామతోని ఎదురుంగ మాట్లాడే రివాజు అప్పుడు లేకుండె. ఏదన్న చెప్పాలంటే తలుపు సాటున నిలవడి అత్తకు చెప్పాలె, అత్త మామకు చెప్పాలె. నడుమ అర్ర ఎంతుంటది, మామకు మొత్తం వినవడుతనే ఉంటది. అయినా అత్త చెప్పేదాకా ఆయన విననట్టే ఉండాలె. ఆయన సుత పాపం అట్లనే, గోడ దిక్కు చూసుకుంట, రెండుసార్లు వినేటోడు.

మిరుగం కార్తె వానలు పడ్డ కొత్తల మామ స్టేషన్ దిక్కు పోయి, అచ్చేటప్పుడు ఓ రేకు డబ్బల మోరపంఖి చెట్టు పట్టుకచ్చిండు. మీరు చూసే ఉంటరు. కాయ లేదు, పండు లేదు, వాసన చూసే పువ్వు లేదు. నెమలి పింఛం లెక్క రెమ్మలు నిలువుగ విచ్చుకొని, కాలం ఏదైనా పచ్చగ ఉంటది, అందానికి, శోకు కోసం పెట్టుకునే చెట్టు. దాని రెమ్మ పుస్తకంల దాసుకుంటే చదువు అస్తదని బడి పిల్లలంటరు. (నేను సుత దాసుకున్న. నాలుగో తరగతిల బడి బంద్ పెట్టిచ్చిండ్రు. రెమ్మ మాత్రం పుస్తకంల మంచిగనే ఉండె.) కాయ లేని చెట్టు మీద మామ పైస పెట్టుడేందని అత్త నోరు తెరిచింది. సంగతేందంటే, సడక్ అవతల బట్టల సేటు దుకాణం ముంగట గసోంటి చెట్లు జోడి ఉండె, ఆయన దుకాణంల గిరాకి జోరు మీద ఉండె. "జోడి పెట్టాలెనంటరు కద, ఇంకోటేది?" అన్నది అత్త. "ఇది పెరగనియ్యి. దీని కొమ్మ నాటుకుందం" అన్నడు మామ.

దుకాణం మెట్ల పక్కన గుంత తవ్వించి చెట్టు నిలవెట్టిండ్రు. మొదటి నీళ్లు ముత్తైదువ పొయ్యాలె. అత్త చేతులకు జొన్న పిండి ఉన్నది. నేను మామ కాళ్లకు నీళ్లని చెంబు పట్టుకొని అప్పుడే వాకిట్లకచ్చిన. "అగో, కోడలు పిల్ల చేతుల నీళ్లున్నయి కద, పొయ్యుమను" అన్నడు మామ. అత్త నాతోని "పొయ్యి" అన్నది. పోసిన. నా బతుకుల గంత ఆలోచించకుంట చేసిన పని ఇంకోటి లేదు. చెంబు కింద పెట్టకముందే మామ అన్నడు: "ఇగ ఇది భూమిల ఏరు పట్టేదాక గీ చెయ్యే పొయ్యాలె. చెయ్యి మారితే చెట్టు బెదురుతది. మా తాతల కాడ్నుంచి ఉన్న మాట." నేను తలూపిన. చెట్టుకు చెంబెడు నీళ్లే కద అనుకున్న. ఏరు పట్టేదాక నేను ఇల్లు కదలద్దని ఆ మాటకు అర్థమని నాకేం ఎరుక?

ఎరుకైంది బతుకమ్మ దినాలల్ల. పెండ్లైనంక మొదటి బతుకమ్మ, ఆడపిల్ల పుట్టింట్ల ఆడాలె. తమ్ముడు తోల్కపోను అస్తడని వానకాలం మొదలైన కాడ్నుంచే నా ఎదురుచూపు. చెట్టు ఏరు పట్టిందని ఎట్ల తెలుస్తదని అత్త అడిగితే, కొత్త చిగురేస్తే పట్టినట్టే అన్నడు మామ. సరే, చిగురే కద కావాలె. ఎన్ని నీళ్లు పోస్తే గంత జల్ది చిగురేస్తదని నా లెక్క. పొద్దుగాల బొక్కెన, పొద్దుమీకి బొక్కెన. వాన పడుతుంటే గోనెసంచి నెత్తిన కప్పుకొని పోయి పోసిన. అన్నా కద, గొడుగు చాన నయం. మా నాందేడ్ నేల నల్లరేగడి. తాగింది అంత జల్ది కక్కదు. చెట్టు సుట్టు చేసిన పాదు చిన్న బాయి లెక్క నిండి ఉన్నది. ఆకు పసుపు పచ్చగైతుంటే, నీళ్లు సాల్తలేవు పాపం అనుకొని ఇంకో బొక్కెన పోసిన. దుకాణానికచ్చినోళ్లు మెట్లెక్కుకుంట తలా ఒక మాట. "దిష్టి తగిలింది" అని ఒకాయన, "పెంట ఎయ్యలే" అని ఒకాయన. పక్కింటి వైని, అంటే వదిన, ఆమె మరాఠోళ్లామె, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని "ఘాణ్ వాస్ యేతోయ్ గ" అన్నది, కంపు కొడుతున్నదని. ఆ ఒక్కామె చెప్పిందే నిజం, దాన్ని మాత్రం ఎవ్వరు పట్టించుకోలేదు.

తమ్ముడు రానే అచ్చిండు, సంచిల సత్తుపిండి పట్టుకొని. మామ వాన్ని మెట్ల కాడికి తోల్కపోయి చెట్టు చూపెట్టిండు. "చూడు అల్లుడా, పచ్చకామెర్లోని లెక్క అయింది. గిట్లున్నప్పుడు ఇడిసి పెట్టి ఎట్ల పోతది?" వాడు చెట్టును చూసిండు, తలుపు సాటు నుంచి నన్ను చూసిండు. రోగమొచ్చింది ఇద్దర్ల ఎవరికో వానికి సమజ్ కాలేదు. సత్తుపిండి ఇచ్చి ఎళ్లిపోయిండు. నేను ఎనుక అర్రల కూసోని ఏడ్చి, లేచి, మొఖం కడుక్కొని, ఆ కోపానికి ఇంకో బొక్కెన పోసిన.

వానలు ఎలిసినంక ఓనాడు పాదుల చెయ్యి పెట్టి చూసిన. మన్ను మోరీల బురద తీరు ఉన్నది, వాసన గట్లనే ఉన్నది. అప్పుడు నాకు మెల్లగ ఎలిగింది. ఏర్లకు ఊపిరాడక చెట్టు పసుపెక్కింది తప్ప, దూపకు కాదు. దూపకు ఎండినా, నీళ్లెక్కువై మురిగినా ఆకు ఒక్కతీరుగనే మాడుతది. పైకెళ్లి చూస్తే మనకు తెల్వది, మన్నుల ఏలు పెట్టి చూడాలె. పాదుకు ఓ పక్క గండి కొట్టి నీళ్లు పోయేటట్టు చేసిన, చెట్టు మొదట్ల ఇంత మన్ను ఎత్తు చేసిన, ఇగ పొయ్యుడు బంద్. కొన్ని దినాలకు పసుపు ఆగింది. పాడైన రెమ్మలు మాత్రం మల్ల పచ్చగ కాలేదు. ఈ జాతి చెట్టు గంతనే, ఒకపారి మాడిన రెమ్మకు తిరిగి పానం రాదు. అందుకే వానకాలంల దానికి మనం చెయ్యాల్సింది నీళ్లు పొయ్యుడు కాదు, పడ్డ నీళ్లు నిలువకుంట చూసుడు. వాన చాన దినాలు మొఖం చాటేస్తే అప్పుడు పొయ్యాలె.

ఒక బుద్ధి నేర్చినోళ్లకు రెండో తప్పు సులువుగ దొరుకుతది. నీళ్లు చెట్టును చంపుతయని తెలుసుకున్న కద, చలికాలం అచ్చేసరికి అసలే పొయ్యలేదు. చలిల మనకే దూప కాదు, చెట్టుకేం దూప అనుకున్న. నీళ్లు మిగిలినయి, నాకు మిగులుడంటే పండుగనే. చలికాలం గాలి పొడి గాలి, పెదవులు పగిలేటట్టు కొడుతది. ఆకు రాలని చెట్టు కద, ఆ గాలికి అది తడి ఆరబెట్టుకుంటనే ఉంటది. రెమ్మల కొసలు ఎర్రగైనయి. అత్త చూసి, "పసిది, చలికి వణుకుతున్నది. బాలింతకు పోసినట్టు ఏడి నీళ్లు పొయ్యాలె" అన్నది. అత్త మాట కాదంటనా? తానాలైనంక కాగుల మిగిలిన ఏడి నీళ్లు చెంబుల పట్టుకపోయి పోసిన. పొద్దుగాల చలి, చెట్టు మొదట్ల కెళ్లి పొగలు లేస్తున్నయి. దుకాణం తలుపు తీస్తున్న మామ చూసి బిత్తరపోయిండు. "చెట్టుకు తానం చేయిస్తున్నరా, చాయ్ పోస్తున్నరా?" అత్త లోపట్నుంచి "చాయే, చక్కెర ఎయ్యలే" అన్నది. మా అత్త నోటికి ఎదురు ఉండకపోయేది. నేను మాత్రం ఆ దినం నుంచి సన్నీళ్లే, ఎండ కొంచెం పొడిచినంక, పై మన్ను ఆరినప్పుడే పోసిన. చలికాలంల తక్కువ పొయ్యాలె, గని మానద్దు.

ఈ నడుమల్నే కుండల్‌వాడిల మా చెల్లెకు పెండ్లి ఖాయమైంది. నిశ్చయానికి తమ్ముడు మల్ల అచ్చిండు. మామ మల్ల మెట్ల కాడికి తోల్కపోయిండు. రెమ్మల కొసలు ఎర్రగనే ఉన్నయి. వాడు మల్ల ఉత్త చేతుల ఎళ్లిపోయిండు. పోయేటప్పుడు ఆ చెట్టును వాడు చూసిన చూపు నాకు ఇప్పటికి కండ్లల్ల ఉన్నది, దావత్‌ల పప్పు అయిపోయిందంటే చూస్తరు కద, గట్ల. చెల్లె పెండ్లి ఎండకాలంల. అప్పటిదాక చెట్టు ఏరు పట్టాలె. పట్టకపోతే నా తోడబుట్టిన దాని పెండ్లి నేను లేకుంటనే అయిపోతది. మేమిద్దరం ఒక్క దుప్పట్ల పండి పెరిగినం. దానికి జడ ఏసింది నేను, దానికి జ్వరమస్తే నేను దాని పక్క ఇడిసి లేచేదాన్ని కాదు. ఇగ నేను ఆ చెట్టును ఎట్ల చూసుకున్ననో మీరే అనుకోండ్రి.

శివరాత్రి కాడ చిగురు అచ్చింది. ప్రతి రెమ్మ కొసకు లేత రంగుల, గోటితో గిల్లినంత. అత్తను చెయ్యి పట్టి గుంజకపోయి చూపెట్టిన. అత్త మామకు చెప్పింది. మామ కండ్లద్దాలు పెట్టుకొని వంగి చూసిండు, సంతోషపడ్డడు. లేచి నిలవడి అన్నడు: "చిగురేసింది, మంచిదే. గని ఎండకాలం మొఖాన ఉన్నది. ఎండకాలం దాటితేనే గట్టిగ ఏరు పట్టినట్టు." నా పానం ఉసూరుమన్నది. పెండ్లికని అత్త కొత్త చీర తీసి పెట్టుకున్నది, ఆమెకు సుత ఆ మాట నచ్చలేదని నాకు తెలిసింది.

మా దిక్కు ఎండ మీకు చెప్పాల్నా. నల్లరేగడి నేల పెదవి పగిలినట్టు నెర్రెలు ఇచ్చింది. నేను పోసిన నీళ్లు పోసినట్టే మాయమైతున్నయి. అబ్బ, ఎంత దూప చెట్టుకు అనుకున్న. ఓనాడు దుకాణంల గోడ పక్కకున్న బియ్యం సంచి కింద తడి కనవడ్డది. మామ ఎలుకల పని అన్నడు. ఎలుకలు సంచి తడుపుడు నేను ఎక్కడ చూడలేదు. నెర్రెల పడి నీళ్లు చెట్టుకు అందకుంట సీదా మామ బియ్యానికి పోతున్నయి. నల్లా నీళ్లు రోజు రాకపోయేటివి, గోలెంల దాసి వాడుకునే కాలం. ఆ నీళ్లు సంచి పాలైతే నా కడుపు మండదా? పైమన్ను గుల్ల చేసి, నెర్రెలల్ల పొడి మన్ను నింపిన. దుకాణంల ఉత్తగ పడి ఉన్న పల్లికాయ పొట్టు తెచ్చి మొదలుకు ఇంత జాగ ఇడిసి సుట్టు మందంగ పరిచిన. దానితోని ఎండ మన్నుకు తగలదు, తడి లోపల్నే ఉంటది. పొద్దు పొడువకముందే, కొమ్మల అంచు ఎంతదాక ఉన్నదో అంతదాక సుట్టు, ఒక్కో చెంబు మెల్లగ పోసిన. బియ్యం కడిగిన నీళ్లు ఆడికే పోయినయి. తొక్కు జాడి కడిగిన నీళ్లు అత్త పొయ్యబోతే చెయ్యి పట్టుకున్న, ఉప్పు దానికి ఇషం.

పెండ్లి పిలుపుకు తమ్ముడు మూడోసారి అచ్చిండు. పసుపు కుంకుమ పెట్టిన పత్రిక మామ చేతుల పెట్టి, "మామా, అందరు రావాలె అన్నడు నాయిన. అక్కను, అత్తమ్మను, బావను నాతోనే తోల్కపోత" అన్నడు.

"లగ్గాల దినాలు, గిరాకి ఇడిసి నేను రాను. మీ బావను, మీ అత్తమ్మను తోల్కపో" అన్నడు మామ.

"మరి అక్క?"

మామ చెట్టు దిక్కు చూసిండు. "రోహిణి కార్తె అస్తున్నది. గిప్పుడు చెయ్యి మారితే..."

వాడు ఇగ ఆగలేదు. "మామా, పీటల మీద కూసున్న పిల్ల మా అక్క ఏదని అడిగితే, మోరపంఖి కాడ ఉన్నదని చెప్పాల్నా?"

మామకు ఇజ్జత్ ఉన్నది, వియ్యంకుని ముంగట తల దించుకోవద్దని ఉన్నది. తాతల మాట తప్పితే ఎట్లని సుత ఉన్నది. మా ఇంటాయన అప్పటిదాక పసుపు పొట్లాలు కడుతున్నడు, ఇంకింత మనసు పెట్టి కట్టుడు షురూ చేసిండు. నేను తలుపు సాటు నుంచి తొంగి చూస్తున్న. అప్పుడు అత్త వాకిట్లకు అచ్చి నడుముకు చెయ్యి పెట్టుకున్నది.

"ఇగో, ఇంటున్నరా. చెట్టుకు కండ్లున్నయా?"

"లేవు."

"మరి చెయ్యి ఎవరిదో ఎట్ల గుర్తు పడుతది?"

"అది... తెలుస్తది దానికి."

"ఎట్ల తెలుస్తదని అడుగుతున్న."

"చప్పుడుకు తెలుస్తదేమో" అని నోరు జారిండు మామ.

"గట్ల చెప్పుండ్రి. గాజుల చప్పుడు." అత్త నా దిక్కు తిరిగి చెయ్యి సాపింది. "ఓ పోరీ, నీ చేతి గాజులు నాలుగు ఇటియ్యి. మీ మామ ఏసుకొని పోస్తడు."

"నేనా? గాజులా?" మామ మొఖం ఎర్రగైంది. "బజార్ల ఇజ్జత్ ఉంటదా? గాజులు తొడుక్కున్నవా అని తిడుతరు మొగోన్ని, నేను నిజంగ తొడుక్కోవాల్నా?"

"అయితే మీ తాతల మాట మానుకోండ్రి. లేకపోతే కోడలును పెండ్లికి పంపుడు మానుకోండ్రి. ఏదో ఒకటి చెప్పుండ్రి, పోరడు బస్సుకు పోవాలె."

మామ చెట్టును ఒకపారి చూసిండు. తరువాత మెల్లగ చెయ్యి ముంగటికి పెట్టిండు. బస్తాలు మోసిన చెయ్యి, నా గాజులు పిడికిలి కాడ్నే ఆగినయి. సబ్బు నురుగు పెట్టి చూసింది అత్త, లాభం లేదు. ఆఖరుకు దుకాణం సుతిలికి గాజులు గుచ్చి మణికట్టుకు కంకణం లెక్క కట్టింది. మామ చెయ్యి ఊపి చూసిండు. గల్లున మోగినయి. తమ్ముడు మొఖం అటు తిప్పుకున్నడు. మా ఇంటాయన పసుపు పొట్లం ఇప్పి మల్ల కట్టిండు.

ఇగ పాఠం చెప్పుడు నా వంతు. "అత్తమ్మా, పొద్దు పొడువకముందే పొయ్యాలెనని చెప్పుండ్రి."

"పొద్దు పొడువకముందే పొయ్యాలెనట."

"ఊఁ."

"మొదట్ల పొయ్యద్దని చెప్పుండ్రి. సుట్టు పొయ్యాలె, నేల తాగినంకనే ఇంకో చెంబు."

"మొదట్ల వద్దట, సుట్టట. తాగినంకనే ఇంకోటట."

"ఊఁ."

"పొట్టు జరిపి ఏలు పెట్టి చూడాలె. లోపల తడి ఉంటే ఆ పూట పొయ్యనే వద్దు."

మామ గోడ దిక్కు చూసుకుంటనే, "ఎంత లోతు పెట్టాలెనో అడుగు" అన్నడు.

"రెండు కణుపులని చెప్పుండ్రి."

"ఏ ఏలో అడుగు."

అత్త చెయ్యి ఎత్తింది. "ఇద్దరి నడుమ నా గొంతు ఎండిపోతున్నది. చెట్టు సంగతి తరువాత, ముందుగాల నాకు పొయ్యుండ్రి నీళ్లు."

గట్ల నేను నా చెల్లె పెండ్లికి పోయిన. పసుపు దంచిన, పాటలు పాడిన, దాని జడ నేనే ఏసిన. గని మీకు చెప్పుతే నవ్వుతరు, ఏ పనిల ఉన్నా నా మనసు దుకాణం మెట్ల కాడ్నే. ఎవలన్న చెంబు వంచితే చాలు, మామ మొదట్లనే పోస్తున్నడో ఏమో అనిపిచ్చేది. వడగాలి కొడితే లేచి వాకిట్లకు పోయేదాన్ని. "నా మొఖం చూస్తున్నవా, మొగులు చూస్తున్నవా?" అన్నది చెల్లె, పెండ్లికూతురై కూసోని. మా అవ్వ నెత్తి కొట్టుకున్నది, "ఇది పెండ్లికచ్చిందా, చెట్టు ముచ్చట చెప్పను అచ్చిందా?" అని. అప్పగింతలప్పుడు అందరు ఏడుస్తున్నరు, నేను సుత ఏడుస్తున్న. చెల్లె నన్ను పట్టుకొని, "అక్కా, ఏమన్న చెప్పు" అన్నది. నాకు ఒక్కటే తోచింది: "అత్తగారింట్ల ఎవలన్న చెట్టు తెస్తే, నువ్వు నీళ్ల చెంబు పట్టుకొని ఆ దిక్కు పోకు." అది ఏడుపుల్నే పక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి పెండ్లికొడుకు భయపడ్డడని తరువాత చెప్పిండ్రు.

నాందేడ్‌ల బస్సు దిగి మా గల్లికి జల్ది జల్ది నడిచిన. పక్కింటి వైని అరుగు మీదికెళ్లే అందుకున్నది, "అగ సూన్‌బాయి, కాయ్ సాంగూ తులా!" అని. కోడలు పిల్లా, ఏం చెప్పాలె నీకు అంటనే మొత్తం చెప్పింది. మామ పొద్దు పొడువకముందే లేస్తడట, గల్లుగల్లున గాజులు మోగించుకుంట పోస్తడట, పోసి మన్నుల ఏలు పెట్టి కండ్లు మూసుకొని నిలబడతడట, జపం చేస్తున్నట్టు. సడక్ అవతల బట్టల సేటు చూసి, "శేఠ్, యే క్యా హై?" అని అడిగితే, మామకు ఏం చెప్పాల్నో తెల్వక "మొక్కు" అన్నడట. లగ్గాల దినాలు, మా దుకాణంల గిరాకి మంచిగ ఉండె. సేటు రెండిటిని కలుపుకున్నడు. నేను తల తిప్పి చూసిన. అవతల దుకాణంల సేటు గజం బద్ద పట్టుకొని బట్ట కొలుస్తున్నడు, మణికట్టుకు సుతిలి, సుతిలికి రెండు ఆకుపచ్చ గాజులు.

చెట్టు పచ్చగున్నది. జర దుమ్ము పట్టింది గని, రెమ్మ రెమ్మకు పానమున్నది. తెల్లారి లేచి చెంబు పట్టుకొని పోయేసరికి మామ ఆల్రెడీ ఆడ ఉన్నడు. నన్ను చూసి అటు తిరిగి, ఎనుక ఉన్న అత్తతోని అన్నడు: "కోడలు పిల్లకు చెప్పు, ఇగ నా చెయ్యి పడ్డది. మల్ల మారిస్తే చెట్టు బెదురుతది." మాట మీద నిలవడే మనిషి. ఆ యేడు బతుకమ్మకు తమ్ముడు అస్తే చెట్టు దిక్కు చూడనే లేదు, "తోల్కపో" అన్నడు. ఆయనకు లాభం సుత అయింది. ఉమ్రి ఊర్ల ఉన్న ఆయన బావమరిది ఇంటికి పోవుడంటే ఎప్పుడు పడకపోయేది. ఎప్పుడు పిలిచినా, "ఎట్లస్త రా అయ్యా, చెట్టున్నది" అనేటోడు, ఆయన ఉన్నన్ని దినాలు అదే జవాబు.

నేను సంబురపడాలె కద? రెండు మూడు దినాలు మొఖం ముడుచుకొని తిరిగిన. నా చేతుల్లకెళ్లి ఏదో గుంజుకున్నట్టే ఉండె. ఓ పొద్దు తలుపు సాటు నుంచి చూస్తున్న, మామ ఏదో పరాకుల ఉండి చెంబు మొత్తం మొదట్లనే వంచిండు. అత్త దగ్గర లేదు. "మొదట్ల కాదు మామా, సుట్టు!" అని నా నోట్లకెళ్లి ఎళ్లిపోయింది. ఎళ్లినంక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న. మామ చెంబు పక్కకు జరిపి, సుట్టు పోసుకుంట పోయిండు. "గిట్లనేనా?" అన్నడు, నా దిక్కు చూడకుంట. "గట్లనే" అన్న. అప్పుడు మొదలైన నోరు ఇంకా ఆగలేదని మా ఇంట్లోళ్లంటరు.

సడక్ ఎడల్పు చేసినప్పుడు దుకాణం మెట్లతోని పాటు ఆ చెట్టు సుత పోయింది. అప్పటికి అది మా ఇంటి కంటె పొడుగు. ఇప్పుడు మా కోడలు కుండీల ఓ మోరపంఖి పెట్టింది, మనుమరాలు ఫోను మోగిస్తది. మొన్న ఎండల్ల చెల్లె రమ్మని కబురు పెట్టింది, మనుమని తొట్టెల అని. ఎండలు తగ్గినంక అస్త అన్న. కుండీల చెట్టు, భూమిల చెట్టు కంటె జల్ది ఎండుతది, ఎవలు చూస్తరని. కోడలు నవ్వి, "అత్తమ్మా, నేనున్న కద, పొండ్రి" అని బ్యాగు సదిరి గేటు కాడ పెట్టింది. జీపు అచ్చింది. ఎక్కి కూసోని సుత చెప్పుతనే ఉన్న, పొద్దుగాలనే పొయ్యాలె, ఏలు పెట్టి చూడాలె, ఫోను మాట నమ్మద్దు అని. డ్రైవరు "ఆజీ, చలా ఆతా" అని, ఇగ పోదాం అవ్వా అన్నట్టు, బండి తీసిండు. గల్లి మలుపు తిరిగినంక ఒడిల చూసుకుంటే బ్యాగు లేదు. ఎనుక మా కోడలు బ్యాగు పట్టుకొని ఉరుకుతున్నది. జీపు ఆపిచ్చిన, కోడలు ఆయాసపడుకుంట బ్యాగు అందిస్తుంటే, నేను అడిగిన మొదటి మాట, "చెట్టుకు పోసినవా?"